మూడో మెమోకి జవాబు

రుద్రరాజు గారికి,
మీ మూడో మెమో అందిందండి.
అందిన రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను.
కాగితానికి గుచ్చిన పిన్ను వంకర పోయింది.
అది మారుద్దామని పిన్నుల డబ్బా తీసి,
డబ్బా కింద మొన్నటి టెంపో చీటీ దొరికితే
అది పట్టుకుని గేటు దాకా వెళ్లొచ్చేసరికి
షిఫ్టు అయిపోయింది.
నేరం ఇదే అయితే ఒప్పుకున్నట్టే.

కానీ తొమ్మిదో తారీఖు రాత్రి
ఆకివీడు చెరువుల నుంచి దిగిన సరుకులో
ఒక్క ట్రేలో రొయ్య తల దగ్గర రంగు తేడా
ఎవరు పట్టుకున్నారో కూడా రాయాల్సింది మెమోలో.
నిలకడ లేదని మీరు రాసిన చూపే
అక్కడికెళ్లి నిలబడింది.

నా బల్ల ఎక్కడో మీకు తెలుసు.
తలుపు పక్కన. ఇటు ఐసు క్రషరు,
అటు టెంపో వాళ్ల కేకలు,
గ్రేడింగు హాల్లో ఎనభై జతల గమ్‌బూట్లు,
వీటన్నిటి మీదుగా
మీరు నడుస్తూ నడుస్తూ అనేసి పోయే ఆరు పనులు.
మొదటిది చెవిలో దిగేలోపు నాలుగోది తోసుకొస్తుంది.
చివరికి చేతిలో మిగిలేది తోక ముక్క.

కాకినాడ డాక్టరమ్మ కాగితం మీద పేరు రాసిచ్చింది,
ఏడీహెచ్‌డీ.
నలభై రెండేళ్లుగా నన్ను
పరాకు పిల్ల, అరపిచ్చిది అన్నవాళ్లకి
ఆ నాలుగక్షరాలు చూపించాలనిపించింది.
చూపించింది మాత్రం మీకే.
మీరు కాగితం వెనక్కి కూడా తిప్పి చూసి
"చట్టంలో ఇరవై ఒక్క పేర్లున్నాయమ్మా,
ఇది లేదు కదా" అన్నారు.
"చూడ్డానికి బానే ఉన్నావుగా" అని కూడా అన్నారు.
ఆయ్, బానే ఉన్నానండి.
రాత్రి రెండింటికి దిగ్గున లేచి
లాటు నెంబర్లో రాసింది ఒకటా ఏడా అని
చీకట్లో వేలితో గాల్లో దిద్దుకునేది
మీకు కనపడదు కదా.

మా తాత నరసాపురం కాలవ లాకుల మీద పనిచేశాడు.
ఎగువన నీళ్లు ఎత్తు, దిగువన పల్లం.
గడ్డి పడవ వస్తే లోపలికి రానిచ్చి
వెనక తలుపు మూసి
నీళ్లు మెల్లగా దింపి
అప్పుడు ముందు తలుపు తీసేవాడు.
పావుగంట పట్టేది, ఒక బీడీ అయిపోయేది.
దూకలేవా, అందరిలా పోలేవా అని
పడవని తిట్టగా నేను చూళ్లేదు.

నేనడిగేది ఆ పావుగంటేనండి.
పాత రిజిస్టర్ల గదిలో, గోడ వైపు తిరిగి ఒక బల్ల.
పనులు నోటితో కాకుండా చీటీ మీద.
గంటకోసారి లేచి యనమదుర్రు డ్రైను గట్టు దాకా
నడిచొస్తే దాన్ని తిరుగుడని రాయకపోవడం.
నాలుగోది ఒకటుంది. బస్సులో గుర్తొచ్చింది,
ఉండి సెంటర్లో దిగేసరికి పోయింది.

పీలింగులో సుగుణమణి రెండేళ్లుగా
మోకాళ్ల నొప్పికి స్టూలు అడుగుతోంది.
రొయ్యల అట్టపెట్టె చింపి
"ముందు లాటు నెంబరు, తర్వాతే ఫోను" అని
నీలం ఇంకుతో రాసి నా బల్లకి అంటించింది ఆవిడే.
ఏ చట్టం చదివి అంటించిందో అడగలేదు.
ఆ అట్టముక్క వచ్చాక
పందొమ్మిది రోజులు నా రిజిస్టర్లో కొట్టివేత లేదు.
చూసుకోండి.
"నీకు బల్ల జరిపితే నా స్టూలూ జరుగుతుందే" అంటుంది,
చలికి ఉబ్బిన వేళ్లు విరుచుకుంటూ.

జవాబు గడువు నిన్నటితో అయిపోయింది, తెలుసు.
తారీఖు వెనక్కి వేయమని క్లర్కు అన్నాడు.
వేయలేదు. ఇవాళే రాశాను, ఇవాళ్టిదే వేశాను.

కడలి నాగవేణి
ల్యాబు రిజిస్టరు, రెండో షిఫ్టు

తా.క. నాలుగోది గుర్తొచ్చిందండి.
హాలు ఆ చివర నుంచి "ఏయ్ మతిమరుపూ" అని పిలుస్తారు,
ఎనభై మందీ తలెత్తుతారు.
పైన సంతకంలో నా పేరుంది.