నడిమి ధార

చిట్యాల దాటినంక హైవే మీంచి లోపలికి తిరిగితే
వాసనే దారి చూపిస్తది.
గేటు కాడ బీడీకట్ట, అగ్గిపెట్టె, సెల్‌ఫోను
మూడూ యాకూబ్‌కు అప్పజెప్పి
రాత్రి పది గొట్టంగ లోపలికి పోత.
నా డ్యూటీ మురికి దగ్గర.

ఐదో బ్లాకుల మందు తయారై
గింజ గింజగ తెల్లగ దిగినంక
మిగిలిన నీళ్లను (నీళ్లు కావు గని అట్లనే అంటం)
మదర్ లిక్కర్ అంటరు.
తల్లి సార అని నేను మనసుల తర్జుమా చేసుకుంట.
చాయ్ డికాషన్ రంగు, అంచున కొంచెం పచ్చ.
బిడ్డ పెట్టెలెక్కి ఊళ్లు దాటిపోయింది,
తల్లి డ్రమ్ముల పడి ఉంటది.

ఒకప్పుడు ఈ డ్రమ్ములు ఎటు పోయేటివో
నన్ను అడగకుండ్రి.
నంబరు కనబడని ట్యాంకరు,
వానాకాలం, నడిజాము, వాగు.
మా బోరు నీళ్ల దగ్గర అగ్గిపుల్ల గియ్యొద్దని
చిన్నమామ లింగస్వామి నవ్వుకుంట చెప్పేటోడు.
ఆ నవ్వెనక రెండు బర్లు సచ్చినయి.

ఇప్పుడు కాలమ్ ఉన్నది.
నాలుగంతస్తుల ఎత్తు,
నడుముకు పట్టీ కట్టుకున్న బాలింత లెక్క.
కింద ఆవిరి, పైన సల్లనీళ్లు.
యాభై ఆరు కాడనే అసిటోన్ లేస్తది,
పెండ్లిల ముందు బంతికి కూసునే రకం.
టోలుయిన్ పెద్దమనిషి,
నూటపది పిలిస్తెనే కదులుతడు.

కొత్తగ వచ్చిన పిల్లగాడు ప్రణీత్, ఎమ్మెస్సీ.
"అన్నా, మొదటి కట్ ఎక్కడ ఆపాల్నో
మీటరు చూడకముందే నీకెట్ల తెలుస్తది?"
నేను పైపు మీద చెయ్యి పెట్టి ఊకున్న.

ఏం చెప్పాలె.
మా నాయినమ్మ బుచ్చమ్మ
కంచె ఎనక బెల్లం పానకం పులవెట్టి
సార కాసేదని చెప్పాల్నా.
కుండ మీద కుండ, సందుకు మట్టి మెత్తి,
పైన నీళ్లు మార్చుకుంట
"తల పారబొయ్యాలెరా, కండ్లు పోతయి.
తోక పట్టకు, కడుపుల మంట.
నడిమి ధార ఒక్కటే మనిషికి" అనేది.
ఎక్సైజోళ్లు మూడుసార్లు కుండలు పలగ్గొట్టిండ్రు.
నాలుగోసారి ఆమెనే పలగ్గొట్టి
కూలికి పోయింది.
ఆమె చదువు అట్ల ఆగింది.

నాకు మొన్న సేఫ్టీ వారంల శాలువా కప్పిండ్రు.
అకౌంట్స్ మేడం ఇందుమతి మైకుల చెప్పింది:
నిరుడు వంద డ్రమ్ములు కొన్న కాడ
ఈయేడు ఇరవై రెండే కొన్నమని,
లారీల సమ్మె పదిహేను రోజులు నడిచినా
ఒక్క బ్లాకు ఆగలేదని,
కాలబెట్టనీకి టన్నుకింత అని కట్టే పైసలు
ఇంట్లనే ఉన్నయని.
ఓనరు చప్పట్లు కొట్టిండు,
లెక్క తెలిసిన చేతుల చప్పుడు.
నాకేం కోపం రాలే.
మంచిపని లాభానికే చేసినా
వాగుకు ఆ తేడా తెల్వదు.

గని అంతా తిరిగి రాదు.
ప్రతిసారి కొంత గాలికి, కొంత అడుక్కు.
అడుగున తారు తీరు మిగిలిన జిగురు
సిమెంటు బట్టీకి పోయి మండుతది.
ఏడెనిమిది సార్లు తిరిగితే
టోలుయిన్ గూడ అలిసిపోతది అన్న.
"అలుసుడు గాదన్నా, మలినాలు పేరుకుంటయి" అన్నడు ప్రణీత్.
రెండూ ఒకటే గదరా అన్న.

తెల్లారగట్ల నాలుగు.
రిసీవర్ అద్దంల ధార పడుతున్నది,
పడుతున్నట్టు గూడ కనబడనంత తేటగ.
ల్యాబ్ కెళ్లి చీటీ వచ్చింది, తొంభై తొమ్మిది పాయింట్ ఆరు.
రిజిస్టరుల ఆపరేటర్ గడిల పేరు రాసిన.
పక్క గడి, నేర్పినోళ్లు ఎవరని,
ఎప్పటి లెక్కనే ఖాళీ.
పెన్ను మూత పెట్టకముందే
పైపు చేతికి ఏదో చెప్పింది.
తోక మొదలైతున్నది.
లేచి వాల్వు తిప్పిన.