తల వెనుక గుడ్డు

డాల్బీకి పడమరన, అక్టోబరు, నల్లరేగడి.
రెండు సాళ్ల మధ్య తెల్లగుడ్డ పరిచి
శనగ మొక్కల్ని కర్రతో పదిసార్లు కొడతాను.
రాలినవాటిని లెక్కపెట్టడం నా ఉద్యోగం.
సాలీళ్లు, అక్షింతల పురుగులు, ఎండిన పూరేకులు
దులిపేస్తాను.
శనగపచ్చ పురుగు మాత్రం పుస్తకంలోకి ఎక్కుతుంది.
ఒంగోలులో దాని పేరు ఇదే, ఇక్కడ హీలియోథిస్ అంటారు.
పేరు మారినా కాయకు పెట్టే కన్నం అదే:
తల లోపల, ఒళ్లు బయట,
విందుకొచ్చి గుమ్మంలోనే కూలబడ్డవాడిలా.

వేలు నాలిక్కి తగిలితే పులుపు.
ఆ పులుపే నా ప్యాంటు మోకాళ్లను తినేసింది,
ఈ సీజనుకి రెండు జతలు.

ఏడో గుడ్డ మీద ఒక లావుపాటిది.
భూతద్దం పెట్టి చూస్తే
తల వెనుక, మెడ మడతలో
చిన్న కొక్కేనికి తగిలించినట్టు
మెరుస్తూ ఒక్క గుడ్డు.
ఎంత మెలికలు తిరిగినా దవడకు అందని చోటు.
మన వీపు నడుమ ఉంటుందే
ఏ చేత్తోనూ గోక్కోలేని జానెడు, అలాంటిది.

పెట్టిపోయింది నారింజరంగు కందిరీగ.
శనగ చేలో కందిరీగ!
పేర్లలోనే రెండు పప్పులు.
తల్లి తాగేది తేనె,
పిల్లకు పెట్టేది మాంసం.

రాత్రిపూట వస్తుంది. ఒక్క పోటు.
పురుగు కాసేపు ఒళ్లు మరిచి, లేచి,
మళ్లీ కాయ, మళ్లీ కన్నం.
ఎవరో వచ్చి వెళ్లిన జాడ తెలియదు.
గుడ్డుకీ తొందర లేదు.
పురుగు మేసి మేసి, నేలలోకి దిగి,
రెక్కలు మొలిచేదాకా పడుకుందామని
గది తవ్వి, గోడలు అలికి,
తలుపు తనే మూసుకునేదాకా
ఆగుతుంది.

మా తెలుగు మాస్టారు సుందరశివరావు గారు
భ్రమరకీటకన్యాయం చెప్పేవారు.
తుమ్మెద ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి
చుట్టూ ఝుమ్మంటూ తిరుగుతుందట,
ఆ ధ్యానంలోనే పురుగు తుమ్మెదైపోతుందట.
"కనక మంచివాళ్లతో తిరగండర్రా" అని ముక్తాయింపు.
నిజమే మాస్టారూ,
గదిలోకి పురుగు వెళ్లింది,
గదిలోంచి రెక్కలున్నదే వచ్చింది.
మధ్యలో ఏం జరిగిందో
మీరు చెప్పలేదు,
మేం అడగలేదు.

లెస్లీ క్రౌస్ బండి దిగకుండానే అడిగాడు, ఎన్ని?
మీటరుకి నాలుగు. అందులో రెండిటి మెడ మీద గుడ్లున్నాయి.
అయితే రెండే అనుకోనా?
కాదు, నాలుగే. గుడ్డున్నదీ తింటుంది,
భూమిలోకి దిగే రోజుదాకా ఆకలి తగ్గదు.
మరి నాకేం లాభం?
ఈ పంటకి ఏమీ లేదు. వచ్చే నెల చిమ్మటలు తగ్గుతాయి,
పక్కవాళ్ల పత్తిలోనో, ఎవరి జొన్నలోనో.

వాళ్ల నాన్న డ్రమ్ముల్లో మందు కలిపిన పాత షెడ్డు వైపు
కాసేపు చూశాడు.
"పక్కవాడితో నాకు పదకొండేళ్లుగా మాటల్లేవు."
అంతే. అద్దం ఎత్తేసుకుని వెళ్లిపోయాడు.

పొద్దుగూకాక ఫోను.
ఇరవై మీటర్ల పట్టీ ఒకటి వదిలేసి
తక్కిన చేనంతా మందు కొట్టిస్తున్నాడట.
ఏ వైపు వదిలావు, అన్నాను.
కాసేపు గాలి చప్పుడు.
కంచె వైపు, అన్నాడు.

రాత్రి వంటింటి దోమతెర మీద
పొడుగు కాళ్లు వేలాడేసుకుని వాలిందది,
సన్నటి నడుము, వంకర తిరిగిన కడుపు,
దీపాన్ని చంద్రుడనుకుందో ఏమో
తలతో తడుతోంది.
అలవాటు పోక, ఒకటి, అని లెక్కపెట్టాను.
లైటు ఆర్పేశాను, చేలో పనుంది కదా దానికి.
చీకట్లోనే పెరుగన్నం కలుపుకున్నాను.
నాలుగు ముద్దలయ్యాక
ఎందుకో ఎడమచెయ్యి
మెడ వెనక తడుముకుంది.