ఏసీ సరుకు

గుంటూరు మిర్చి యార్డులో
కాటా చీటీలు రాసే పని నాది.
ఒక లాటుకీ ఇంకో లాటుకీ మధ్య
ఫోన్లో పుస్తకం చదువుతాను.
తుమ్ము వచ్చిన ప్రతిసారీ
ఎక్కడున్నానో పోతుంది.
అందుకే వేలితో గీత గీయడం అలవాటైంది.

మొదట్లో పసుపు ఒక్కటే.
తర్వాత నీలం, నారింజ, గులాబీ.
నచ్చింది పసుపు, నొప్పించింది నీలం,
షావుకారు ముందు అనాలనిపించి
అనలేకపోయింది నారింజ.
గులాబీకి ఏ పనీ చెప్పలేదు,
ఊరికే కూర్చుని జీతం తీసుకుంది.

కొన్ని వాక్యాల కింద
ముందే చుక్కల గీత ఉంటుంది,
మూడువందల నలభై మంది గీశారని.
పాట అయిపోయిన లాటు అది,
మన చెయ్యి దానిమీద ఎందుకని
దాటిపోతాను.
నాలుగు పేజీలు పోయాక
ఎవరో చూస్తున్నట్టు అటూ ఇటూ చూసి
వెనక్కి వచ్చి గీసుకుంటాను.

వేసవి సెలవులకి యార్డు మూసినప్పుడు
అన్నీ ఒకచోట కుప్ప పోశాను.
రెండువేల మూడువందల పదహారు.
బ్రాడీపేటలో మేడమీది గది, తిరిగీ తిరగని ఫ్యాను,
లుంగీ ఎగ్గట్టి
కాయ ఏరినట్టు ఏరడానికి కూర్చున్నాను.
అప్పు అని ఒక సంచి, నీళ్లు అని ఒకటి.
నాన్న చెప్పులు అని ఒకటి.
అందులో రెండే పడ్డాయి,
రెండూ చెప్పుల గురించి కావు.
నవ్వులో వేసినవాటిని
మర్నాడు అప్పులోకి మార్చాల్సివచ్చింది.

వీటికి పేజీ ఉండదు, లొకేషన్ 1847 అంటుంది,
ఊరు చెప్పకుండా డోర్ నంబరు ఇచ్చినట్టు.
ఒక పుస్తకం దగ్గర
ఇంక తీసుకోవడానికి వీల్లేదంది ఫోను, హద్దు దాటావంది.
సగం వాక్యం చేతిలో పెట్టి మూడు చుక్కలు చూపించింది.
డబ్బిచ్చి కొన్నానయ్యా, అన్నాను, పైకే.
ఇక్కడ కూడా తరుగు తీస్తారన్నమాట.

తెల్లారేసరికి
అన్నింటికన్నా బరువు తూగిన సంచి
'ఎందుకు గీశానో తెలియదు'.
"ఆమె కిటికీ దగ్గరికి వెళ్లలేదు."
అంతే. పసుపు.
నవంబరు నెల, రాత్రి ఒకటీ పదికి.
ఏ కిటికీ అది, ఎవరామె,
ఆ వేళప్పుడు నాకేం పని?
గీత ఉంది. గీసినవాడు లేడు.

బైపాసు పక్క కోల్డ్ స్టోరేజీలు గుర్తొచ్చాయి.
రేటు వస్తుందని దాచిన టిక్కీలు
ఆ చీకట్లో, ఆ చలిలో, వరసమీద వరస.
రంగు చెడదు, ఘాటు చెడదు.
అద్దె మాత్రం పెరుగుతూ ఉంటుంది.
కొందరు రైతులు పత్రం ఇంట్లో ఎక్కడ పెట్టారో మర్చిపోయి
నా దగ్గరికొచ్చి
తమ కాయ గురించి నన్నే అడుగుతారు.

మళ్లీ సరుకు దిగడం మొదలైంది.
ముచ్చికలు తీసే మస్తాన్‌బీ అడిగింది,
"ఏందయ్యా, ఎప్పుడు చూసినా ఆ అద్దాన్ని రుద్దుతుంటావు?"
నీళ్ల సంచిలోంచి ఒకటి తీసి చదివాను:
"తలుపు మూసుకున్నవాడికి కూడా
బయటి వాన వినబడుతూనే ఉంటుంది."
"వానా! యార్డు నిండా కాయ ఉంటే ఆ మాటేంది?
నోరు కడుక్కో పో."
ముచ్చిక పుటుక్కున తుంచింది.

పదిరోజులకు
నాంచారమ్మ ఆలస్యంగా వచ్చి
కళ్లకి కారం తగిలిందంటూ కూర్చుంది.
అప్పటికింకా ఆమె కాయ ముట్టుకోలేదు.
ఏం లేదక్కా, ఏం లేదక్కా అంటుంటే
మస్తాన్‌బీ తలెత్తకుండానే అంది:
"తలుపేసుకుంటే వానాగుద్దా ఏందే? చెప్పు."

నాంచారమ్మ చెప్పింది.
నేను కాటా దగ్గరికి వెళ్లిపోయాను.

సాయంత్రం ఆ మాటని
అన్నది అన్నట్టే ఫోన్లో వెతికాను.
ఫలితాలు లేవంది.
కాటా చీటీ వెనక రాసుకున్నాను.
పుస్తకం పేరున్న చోట మస్తాన్‌బీ,
లొకేషన్ ఉన్న చోట షెడ్డు నంబరు.

చొక్కా జేబులో మర్చిపోతే
ఉతుకులో పోయింది ఆ చీటీ.
పోతే పోయింది,
నాకది నోటికి వచ్చు.