నాలుగో గడి

నెల్లిమర్ల జూట్ మిల్లులో పోగులు వడికీ వడికీ
కుడిచెయ్యి పడిపోయిన లెంక సన్యాసమ్మ
విజయనగరం స్కాన్ గదిలోంచి వస్తూ అడిగింది:
"బుర్రలో ఏటి సూస్తన్నారు బాబూ?"

నీళ్లు ఎటు నడుస్తున్నాయో, అన్నాను.

"గోగునారలో తడి పోగెమ్మటే పోద్ది.
నార సివికితే అన్నేపులా పాకుద్ది.
దానికింత మిసనా?"

నా థీసిస్‌లో అది పదహారు పేజీలు.

జనవరి, జూన్, డిసెంబరు.
ఆమె గీత అందరికన్నా కిందే మొదలైంది.
సగటు పక్కన నిలబెడితే ఓడినట్టే,
ఆమె పక్కన ఆమెనే నిలబెడితే
మూడోసారికి పిసరంత పైకి.
నార అతుక్కుందో, మిషనే వణికిందో
ఇంకోసారి చూస్తేగానీ.

నాలుగోసారి రాలేదు.
ఫోనెత్తిన కోడలు
మగ్గాల హోరులోంచి అరిచింది:
"అత్త షిఫ్టులో ఉందండీ!"

ఆ గడిలో ఏ అంకె వెయ్యాలో
ఏ సూత్రమూ చెప్పదు.