జాడ వేసేవాడు

హెసరఘట్ట గడ్డిమైదానంలో
తెల్లారి ఐదున్నరకి నా పని
తప్పిపోవడం.

నెలకి పద్నాలుగు వేలు, రెండు పూటలా కాఫీ.
"అదేం ఉద్యోగమప్పా?" అంటాడు
బాగేపల్లి నుంచి ఫోన్ చేసి మా బావమరిది.
నడుస్తాను. మంచు పట్టిన గడ్డిని నలుపుతూ నడుస్తాను.
అడుగడుగులోనూ ఉడికించిన లివర్ ముక్క పెట్టి
మూడొందల అడుగులు పోయి
ఒక సాక్సు విప్పి నేల మీద వదిలి
తుమ్మపొద వెనక కూర్చుంటాను.

అరగంట ఆగాలి.
బియ్యంలాగే వాసన కూడా నానాలి, అంటుంది జెసింతా మేడం.

అంతకుముందు ఆరేళ్ళు
బండి మీద ఈ ఊరికి అన్నం పొట్లాలు మోశాను.
ఏడో మెయిన్, మూడో క్రాస్, నీలం గేటు.
జనాన్ని వెతికేది నేను.
ఆలస్యమైతే తప్ప నన్నెవరూ వెతకలేదు.
సిల్క్ బోర్డు దగ్గర ఒక నీళ్ళ ట్యాంకరు
నా ఎడమ మోకాలు తీసుకుంది.
ఇప్పుడు నా జాడలో
ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక.

డాలర్‌కి లివర్ చాలు.
మొదట అడుగుకో ముక్క, తర్వాత మూడడుగులకి,
తర్వాత పదికి, ఆఖరికి చివర్న ఒక్కటే.
ఆశని అలా మజ్జిగలా పలచన చెయ్యాలట.
నీళ్ళెక్కువైతే మాత్రం
తలెత్తి మేడం కేసి చూస్తుంది,
లెక్కలు నాకూ వచ్చులే అన్నట్టు.

రాకెట్‌కి బంతి కావాలి.
బంతంటే బంతి కాదు, బంతి కోసం పెనుగులాట.
తొందర దానికి.
మలుపులో ముక్కు తిరుగుతుంది, కాళ్ళు తిన్నగా పోతాయి.
నాలుగు బారల అవతల గుర్తొచ్చి
సిగ్గుపడి వెనక్కొస్తుంది.

ముద్ద సంగతి వేరు.
యలహంక మార్కెట్ వెనక దొరికిన నాటుకుక్క,
సంగటిముద్ద రంగు. పేరే గానీ
ఏ ముద్దా ముట్టదు.
లివర్ దాటిపోయింది. కోడిమాంసం దాటిపోయింది.
జున్ను, ఎండుచేప,
మేడం క్రిస్మస్‌కి చేసుకున్న కేకు.
బంతి విసిరితే అది పోయిన దిక్కు చూసి
పారేసింది నువ్వే, తెచ్చుకో, అన్నట్టు కూర్చుంది.
"భేష్" అంటే చెవి కదపలేదు.
వీధిలో పెరిగినదానికి పొగడ్త మీద అనుమానం.

నోట్‌బుక్‌లో మేడం రాసింది: బహుమతి, తెలీదు.
పక్క పేజీలోనూ అదే.

అయినా జాడ వదలదు.
పది మీటర్ల తాడు కొసన
ముక్కు గడ్డిలో ముంచి నింపాదిగా వస్తుంది.
పొద సందులోంచి చూస్తుంటాను:
నా ప్రతి ఎడమ అడుగు దగ్గరా ఆగుతుంది,
గడ్డి సరిగ్గా నలగని అడుగు దగ్గర.
ఆసుపత్రి డాక్టరు కూడా
ఆ కాలిని అంతసేపు చూడలేదు.

జనవరిలో ఒకరోజు
సాక్సు దగ్గరికొచ్చి పడుకుంది, నేర్పినట్టే.
మేడం సాక్సు తియ్యబోతే
ఇవ్వలేదు.
గుర్రుమనలేదు, కరవలేదు. ఊరికే ఇవ్వలేదు.
నోట కరుచుకుని లేచి
వచ్చిన దారినే జీపుదాకా నడిచింది,
మొదటిసారి తల పైకెత్తి.
వెనక సీటెక్కి దాని మీద గడ్డం ఆనించి
డాలర్‌ని దగ్గరికి రానివ్వలేదు.

మేడం పెన్ను మూత తీసి, ఆగి,
నా వైపు తిరిగి అంది:
"రేపు కూడా ఉతకనిదే తీసుకురా."

ఇవాళ గడ్డి లేదు. మల్లేశ్వరం, తార్రోడ్డు.
డీజిలు, పూలబుట్టలు, ఇడ్లీ ఆవిరి, బస్సులు,
నా మీద నుంచి వెయ్యి మంది నడిచిపోయారు.
మూసిన షట్టరు పక్కన నక్కి గంటా పది నిమిషాలు.
దొరకనేమో అనిపిస్తోంది.

బావమరిది ఫోను. కట్ చేశాను.
చప్పుడు కాకూడదు,
దొరికేదాకా డ్యూటీలో ఉన్నట్టే.
ఎడమ కాలికి సాక్సు లేదు.
మెట్టు రాయి చల్లగా ఉంది.