రెండు గంటల గడి

వాల్సాల్‌లో బస్సు డిపో వెనక కేర్ హోమ్,
పన్నెండో గది.
రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పాలి.
తిప్పినట్టు కాగితం మీద గడిలో టిక్కు పెట్టి
పక్కన నా పొడి అక్షరాలు వేయాలి.
ఇంతే పని.

హాడ్జెట్స్ గారు నలభై ఏళ్లు తాళాలు చేశారు.
ఇప్పటికీ నిద్రలో బొటనవేలూ చూపుడువేలూ
దుప్పటి అంచున ఏదో తాళంచెవి తిప్పుతుంటాయి.
తనంతట తాను మాత్రం
తిరగలేరు.

శనివారం రాత్రి పన్నెండింటికి తిప్పాను.
రెండింటికి, ఒక్క నిమిషమని
కుర్చీలో కళ్లు మూశాను.
తెరిచేసరికి నాలుగుంపావు.
ఎవరూ చూడలేదు.
పెన్ను తీసి రెండు గంటల గడిలో టిక్కు పెట్టాను.
చెయ్యి వణకలేదు.

ఆ తర్వాత తిప్పితే ఎడమ మడమ మీద
రూపాయి బిళ్లంత ఎరుపు.
వేలితో నొక్కితే తెల్లబడాలి.
తెల్లబడలేదు.
సాక్సు తొడిగేశాను.

ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు కూడిక,
అద్దె స్కూలు హాల్లో
బాస్కెట్‌బాల్ గీతల మీద ప్లాస్టిక్ కుర్చీలు.
"సుగుణక్కా, ఈ వారం సాక్ష్యం మీదే."
లేచాను.
వీసా పొడిగింపు గురించి చెప్పాను,
పాప జ్వరం తగ్గడం గురించి చెప్పాను,
ప్రతి మాట చివరా ఒక స్తోత్రం పెట్టుకుంటూ పోయాను,
గడిలో టిక్కు పెట్టినట్టే.
అందరూ ఆమేన్ అన్నారు.
చెప్పిందంతా నిజమే.
కానీ నేనప్పటికే ఇంకో సాక్ష్యం ఇచ్చి ఉన్నాను,
తేదీ వేసి, సమయం వేసి.
అది పన్నెండో గది తలుపు వెనక
క్లిప్పుకి వేలాడుతోంది.

బిర్యానీ పొట్లాలు పంచేటప్పుడు
అబ్రహాము అన్నను పక్కకు పిలిచి చెప్పాను.
మంచివాడు. మేం వచ్చిన కొత్తలో, మంచులో,
మూడంతస్తులు హీటరు మోసుకొచ్చినవాడు.
"ప్రభువు దగ్గర ఒప్పుకో అమ్మా, ఆయన క్షమిస్తాడు.
మేనేజరు క్షమించదు.
ఉద్యోగం పోతే అరవై రోజులు, ఆ తర్వాత విమానం.
పాప చదువు చూసుకో."
ఆ లెక్కలో తప్పేమీ కనబడలేదు నాకు.

ఆ రాత్రి మంచం పక్కన మోకరించాను.
ఒప్పుకున్నాను. తేలిగ్గానే ఉంది.
ఆయన దగ్గర ఫారాలుండవు,
నోటీసు పీరియడ్ ఉండదు.
కానీ ఆ మడమ ప్రభువుది కాదు కదా,
హాడ్జెట్స్ గారిది.
కాదా? అని ఎవరో అడిగినట్టయింది.
ఇంక నిద్ర పట్టలేదు.

సోమవారం లిండ్సే గది ముందు
కోటు గుండీలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను.
ఇంగ్లీషులో కూర్చుకున్న నాలుగు ముక్కల్లో
'అలసిపోయాను' అన్న ముక్క ఒకటుంది.
నిజమే అది. వరసగా ఆరో రాత్రి.
అయినా తలుపు తట్టే ముందు తీసేశాను,
దాని వెనక దాక్కుంటానేమోనని.

ఆమె టీ కప్పు కింద పెట్టింది.
"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.
ఎందుకు చెబుతున్నావు?"

నా దేవుడి గురించి చెప్పడానికి
ఇంతకంటే మంచి వేళ దొరకదు.
ఇలాంటి ప్రశ్న కోసం ఎన్ని ఉపవాసాలున్నామో మేమంతా.

"ముందు ఆయన మడమ చూడండి," అన్నాను,
"సాక్సు కింద."

చూశారు. నర్సు వచ్చింది, కొలిచింది, ఫోటో తీసింది.
లిండ్సే ఏం రాస్తోందో తలకిందులుగా చదవబోయి మానేశాను.
శుక్రవారం చెబుతామన్నారు.

ఇవాళ మంగళవారం. ఇంకా తీసెయ్యలేదు.
తోడుగా ఫన్మిని వేశారు.
అన్ని గడులూ నేనే చూస్తున్నానంటూ ఆవలిస్తుంది,
కోపమో జాలో తెలియదు.
రెండయింది.
భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి,
మడమ కింద మెత్త దిండు.
ఎరుపు తగ్గిందో లేదో ఈ లైటులో కనబడదు.
"టా, బాబ్," అని గొణిగారు ఆయన, కళ్లు తెరవకుండానే.
ఇక్కడివాళ్ల యాసలో థాంక్స్ పిల్లా అని.

పెన్ను తీశాను.
ఈసారి చెయ్యి వణికింది.
టిక్కు వంకరగా పడింది.