రిమార్కుల గడి

లాకుల ఆఫీసులో పాత రిజిస్టర్లన్నీ
కిలోల లెక్కన అమ్మెయ్యమని కాగితం వచ్చింది.
అటక దాకా పేర్చిన కట్టలు.
విప్పితే చెదపుట్ట మన్ను, ఎండిపోయిన బల్లిపిల్ల,
తర్వాత ఓలేటి లోవరాజు చేతిరాత.

లస్కరు. నేను ఉద్యోగంలో చేరకముందే పోయాడు.
పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
కొలబద్ద చూసి కాలవ మట్టం రాయడం ఆయన పని.
అడుగులు ఒక గడిలో, అంగుళాలు ఒక గడిలో.
చివర బొటనవేలంత వెడల్పున ఇంకోటి:
రిమార్కులు.
అందరూ అక్కడ అడ్డంగా గీత గీసి వదిలేస్తారు.
లోవరాజు వదల్లేదు.

‘రెండో తలుపు తుప్పు. గ్రీజు అడిగితిని. రాలేదు.’
‘పెళ్లివారి పడవ. లాకు నిండేసరికి
పెళ్లికూతురు నిద్రపోయినది.’
‘నేడు నీటికి బెల్లం వాసన.’
దాని పక్కన ఎర్ర సిరాతో ఎవరో ఆఫీసరు:
అనవసరం.
మర్నాడు మళ్లీ లోవరాజు:
‘నేడు వాసన లేదు.’

నేనూ రాస్తాను. సెక్షన్‌లో అందరికీ తెలుసు.
కిందటి ఆదివారం అమలాపురంలో శాలువా కప్పారు.
కవి సమాజానికి దిక్సూచి అన్నాడు వక్త.
కరెంటు పోయింది, మైకు పోయింది,
చీకట్లో కూడా ఇంకాసేపు
నన్ను దిక్సూచిగానే ఉంచాడాయన.
ఇంటికొస్తూ డొంకదారి తప్పి
గంటసేపు కొబ్బరితోటల్లో తిరిగాను.

బుధవారం పెయ్యల శాంతమ్మ వచ్చింది.
శివారు. ఎకరం కౌలు.
వంతు వచ్చి వెళ్లిపోయింది, నీళ్లే రాలేదు.
చేలో నెర్రెలు, వేలు దిగేటంత.
‘మీరు రాత్తారంట గదండీ,
రాయండి, మాకు నీళ్లు రాలేదని.’
‘రాస్తే వస్తాయా శాంతమ్మా?’
‘రాకపోతే, రాలేదనైనా ఉంటాది గదండీ
ఎక్కడో చోట.’
అనేసి, బల్ల మీద నా గ్లాసులో నీళ్లు తాగి వెళ్లింది.

ఇన్నేళ్లూ కొలబద్ద చూడకుండా ఎంత రాశాను!
దిగని ఏటిని అమ్మా అన్నాను,
దాటని కాలవని కన్నీరన్నాను.
మట్టం ఎంతని అడిగితే
ఉపమానం చెప్పాను.

ఆ మధ్యాహ్నమే ఎనభయ్యారు ఆగస్టు దొరికింది.
తడిసి ఆరి, అప్పడంలా లేచిన పేజీ.
గంటగంటకీ అంకెలు.
పన్నెండు. పన్నెండున్నర. పదమూడుంబావు.
రాత్రి రెండింటి దగ్గర అంకెల గళ్లు ఖాళీ.
రిమార్కుల్లో మాత్రం,
గడి దాటి, గీతలు దాటి, పేజీ అంచు దాకా:
‘కొలబద్ద మునిగినది. లాంతరు ఆరినది.
చప్పుడును బట్టి రాయుచున్నాను.
గట్టు కింద వారిని లేపితిని.
కొందరు తిట్టిరి. లేచిరి.’

ఆ పేజీ మీద ఎర్ర సిరా లేదు.

లాంతరు ఆరాక కూడా రాసేదే అది
అని ఒక వాక్యం నా నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
లేపడం ముందు జరిగుంటుంది, రాయడం తర్వాత.
తడిచేతి కింద సిరా అల్లుకుపోయింది,
‘లేచిరి’లో చి సగమే మిగిలింది.

సాయంత్రం పాతకాగితాల ఆటో వచ్చింది.
కాటా వేశాడు. నూట నలభై కిలోలు.
‘ఈ కట్ట వదులైపోయిందేంటండీ?’
అంటూ తాడు బిగించాడు.
బల్ల కింద, శాలువా ఇచ్చిన సంచి
బరువుగా నా కాలికి ఆనుకుని ఉంది.

గురువారం తెల్లారేసరికి శివారుకి నీళ్లెక్కాయి.
చీలమండ లోతు.
కవిత వల్ల కాదు. అర్జీ వల్లా కాదు.
ఎగువన రొయ్యల చెరువు మోటారు కాలిపోయిందంట.

అదీ రాశాను,
ఇవాళ్టి మట్టం పక్కన, చివరి గడిలో,
నీలి సిరాతో.
ఎరుపు ఎవరి జేబులో ఉందో చూడాలి.